మైకేల్ రూజిచ్ లాంటి క్రొయేషియా కుర్రాళ్లు: 18 నుంచి 21 ఏళ్ల మధ్య ఏం జరిగితే నిలబడతారు?

బాస్కెట్_బంటి అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. 2006లో పుట్టిన మైకేల్ రూజిచ్ గురించి మన దగ్గర చర్చ పెద్దగా కనబడట్లేదు. క్రొయేషియా బాస్కెట్‌బాల్ కుర్రాడు, స్పెయిన్‌లో జువెంతుత్ బదలోనా క్లబ్ దగ్గర పెరిగాడు. రెండు మీటర్లు దాటిన పొడవు, బయటి నుంచి త్రీ (మూడు పాయింట్ల షాట్) వేయగల ఫార్వర్డ్. ఈ రకం ఆటగాళ్లకి క్రొయేషియాలో ఎప్పుడూ కరువు లేదు. కానీ పద్దెనిమిదేళ్లప్పుడు ఒకేలా కనిపించిన వాళ్లలో దారియో షారిచ్ నిలబడ్డాడు, ద్రగాన్ బెండర్ నాలుగేళ్లలో ఎన్‌బీఏ (అమెరికా ప్రొఫెషనల్ లీగ్) నుంచి బయటికొచ్చేశాడు.

తేడా ఎక్కడ వచ్చింది? డ్రాఫ్ట్‌కి (ఎన్‌బీఏ టీమ్‌లు ఏటా కొత్త ఆటగాళ్లని వరసగా ఎంచుకునే కార్యక్రమానికి) తొందరగా వెళ్లడమా, ఒళ్లు సిద్ధంగా లేకపోవడమా, తప్పుడు టీమ్‌లో పడడమా? ఇలాంటి కుర్రాడి ఆట చూసేటప్పుడు పాయింట్లు కాకుండా ఇంకేం గమనించాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

అడ్రియాటిక్:

బంటి గారూ, ముందు పాత లెక్కలు చూద్దాం. ఎంపికైన ఏడాదికీ ఎన్‌బీఏలో అడుగుపెట్టిన ఏడాదికీ మధ్య ఎంత గ్యాప్ ఉందో గమనించండి. ద్రాజెన్ పెట్రోవిచ్ 1986లో ఎంపికయ్యాడు, 1989లో వెళ్లాడు. దినో రాద్జా 1989లో ఎంపికై 1993లో వెళ్లాడు. టోనీ కుకోచ్ 1990, 1993. బోయన్ బొగ్డనోవిచ్ 2011, 2014. షారిచ్ 2014, 2016. ఆ మధ్య కాలంలో వీళ్లెవరూ ఖాళీగా లేరు. కుకోచ్ స్ప్లిట్‌తో వరుసగా 1989, 1990, 1991ల్లో యూరప్ టైటిల్ గెలిచి, ఆ తర్వాత ఇటలీలో త్రెవీజో టీమ్‌కి ఆడాడు. బొగ్డనోవిచ్ ఇస్తాంబుల్‌లో ఫెనెర్‌బాచె తరఫున, షారిచ్ అదే ఊళ్లో ఎఫెస్ తరఫున యూరోలీగ్ (యూరప్ పెద్ద క్లబ్బుల పోటీ) ఆడారు.

ఇక ఎంపికైన ఏడాదే వెళ్లినవాళ్లని వీళ్లతో పోల్చి చూడండి. మారియో హెజోనియా 2015లో 5వ పిక్ (డ్రాఫ్ట్‌లో ఐదో ఎంపిక), ఒర్లాండో. బార్సిలోనాలో ఉన్నప్పుడు సీనియర్ టీమ్‌లో అతనికి దొరికింది చిన్న పాత్రే. ఒర్లాండోలో మొదటి రెండు సీజన్లకి ఇద్దరు వేర్వేరు కోచ్‌లు. 2017లో క్లబ్ అతని నాలుగో ఏడాది ఆప్షన్ (ఒప్పందాన్ని ఆ ఏడాదికి కొనసాగించే హక్కు) వదులుకుంది. బెండర్ 2016లో 4వ పిక్, క్రొయేషియా నుంచి ఇంత పైన ఎంపికైనవాడు మరొకడు లేడు. అంతకుముందు సీజన్‌లో మకాబీ టెల్ అవీవ్ బెంచ్ మీదే ఎక్కువ గడిపాడు. ఫీనిక్స్ అదే డ్రాఫ్ట్‌లో 8వ పిక్‌గా వచ్చిన మార్కీస్ క్రిస్‌ని కూడా తెచ్చుకుంది. ఇద్దరూ కుర్రాళ్లే, ఇద్దరిదీ పవర్ ఫార్వర్డ్ స్థానమే. రెండో సీజన్‌లో బెండర్ 82 మ్యాచ్‌లూ ఆడాడు, సగటు 6.5 పాయింట్లు. 2018లో అతని ఆప్షన్ కూడా పోయింది.

నా ఉద్దేశంలో అసలు విషయం పిక్ నంబర్ కాదు. కుర్రాడు తప్పు చేసినా కోచ్ మళ్లీ కోర్టులోకి పంపే టీమ్‌లో కనీసం రెండు సీజన్లు ఆడాడా లేదా, అదే ముఖ్యం. పెద్ద టీమ్‌లో మ్యాచ్‌కి ఆరు నిమిషాలు ఆడేవాడు తప్పు చేయకుండా ఉండడమే నేర్చుకుంటాడు: మూలకి వెళ్లి నిలబడతాడు, బంతి రాగానే పక్కవాడికిచ్చేస్తాడు. అదే మధ్యస్థాయి టీమ్‌లో పాతిక నిమిషాలు ఆడేవాడికి పిక్ అండ్ రోల్‌లో (ఒకడు డిఫెండర్‌కి అడ్డు నిలబడి, బంతి ఉన్నవాడికి దారిచ్చి, రింగ్ వైపు కదిలే ఎత్తుగడలో) డిఫెన్స్ ఎలా కదులుతుందో చదవడం వస్తుంది. హెజోనియా చివరికి యూరప్‌కి తిరిగొచ్చి, రియల్ మాడ్రిడ్‌లో పెద్ద పాత్ర దొరికాక, 2023లో యూరోలీగ్ గెలిచాడు. ప్రతిభ అతని దగ్గర మొదట్నుంచీ ఉంది, ఆడే నిమిషాలే ఆలస్యంగా దొరికాయి.

ఈ కోణంలో చూస్తే రూజిచ్‌కి జువెంతుత్ మంచి చోటు. 2005లో రికీ రూబియోని 14 ఏళ్లకే స్పెయిన్ టాప్ లీగ్ ఏసీబీలో దింపిన క్లబ్ అది. కుర్రాళ్లని ఆడించడం వాళ్లకి అలవాటైన పని.

క్యాప్_షీట్:

అడ్రియాటిక్ అన్నా, ఆగినవాళ్లంతా బాగుపడ్డారు, తొందరపడినవాళ్లంతా పోయారు అంటే ఇవిత్సా జుబాట్స్‌ని ఎక్కడ పెడదాం? 2016లో 32వ పిక్, 19 ఏళ్లకే లాస్ ఏంజెలిస్ వెళ్లాడు. మొదటి రెండు సీజన్లు లేకర్స్‌కీ వాళ్ల డెవలప్‌మెంట్ లీగ్ టీమ్‌కీ మధ్య తిరిగాడు. 2019 ఫిబ్రవరిలో క్లిప్పర్స్‌కి ట్రేడ్ అయ్యాడు. 2024-25 సీజన్‌లో సగటు 16.8 పాయింట్లు, 12.6 రీబౌండ్లు, పైగా ఆల్ డిఫెన్సివ్ (లీగ్‌లో మేటి డిఫెండర్ల) రెండో టీమ్‌లో చోటు. అదే 2016లో 23వ పిక్‌గా ఎంపికైన ఆంటె జిజిచ్ ఒక ఏడాది ఆగి మరీ వెళ్లాడు, అయినా మూడు సీజన్ల తర్వాత యూరప్‌కి వచ్చేశాడు. ఆగడం ఒక్కటే మందు అయితే ఈ ఇద్దరి కథ తలకిందులుగా ఉండాలి. ఆడే నిమిషాల గురించి మీరన్నదాంతో ఏకీభవిస్తాను. అవి డెవలప్‌మెంట్ లీగ్‌లో కూడా దొరుకుతాయి, అంతే.

ఇక నిబంధనలు. వీటి దగ్గర చాలామంది తికమక పడతారు. అమెరికా బయట ఆడేవాడు 22 ఏళ్లు నిండే క్యాలెండర్ ఏడాదిలో తనంతట తానే డ్రాఫ్ట్‌లోకి వస్తాడు. 19 నిండే ఏడాది నుంచి కావాలంటే ముందుగా పేరివ్వచ్చు, డ్రాఫ్ట్‌కి 10 రోజుల ముందు వరకూ వెనక్కి తీసుకోవచ్చు. అంటే 2006లో పుట్టినవాడికి ఆ తలుపు 2025లో తెరుచుకుని 2028లో మూసుకుంటుంది. పేరిచ్చి వెనక్కి తీసుకుంటే పరువుపోయినట్టు కాదు. ఏ టీమ్ ఏ రేంజ్‌లో చూస్తోందో ఏజెంట్ కనుక్కునే పద్ధతే అది.

మొదటి రౌండ్ పిక్‌కి జీతం స్కేల్ (పిక్ నంబర్‌ని బట్టి ముందే ఖరారైన పట్టిక) ప్రకారం ఉంటుంది: రెండేళ్లు గ్యారంటీ, మూడో ఏడాదీ నాలుగో ఏడాదీ టీమ్ ఆప్షన్. హెజోనియా, బెండర్‌ల విషయంలో తెగింది ఈ నాలుగో ఏడాది దగ్గరే. ఆ ఆప్షన్ మీద నిర్ణయం మూడో సీజన్ మొదలయ్యే సమయానికే తీసుకోవాలి, అంటే టీమ్ చేతిలో ఉండేది రెండు సీజన్ల ఆట మాత్రమే. 18 ఏళ్లకి వెళ్లినవాడి మీద 20 ఏళ్లకే తీర్పు వస్తుందన్నమాట. మొదటి రౌండ్‌లో ఎంపికై మూడేళ్లు యూరప్‌లోనే ఉండిపోతే స్కేల్ కట్టడి పోతుంది. అందుకే షారిచ్ ఇంకో ఏడాది ఆగుతాడని అప్పట్లో అనుకున్నారు, కానీ అతను రెండేళ్లకే వెళ్లి స్కేల్ జీతం తీసుకున్నాడు. రెండో రౌండ్ పిక్‌కి ఈ స్కేల్ లేదు. 31వ పిక్ అయిన బొగ్డనోవిచ్ బ్రూక్లిన్‌తో నేరుగా మంచి మూడేళ్ల ఒప్పందం చేసుకోగలిగింది అందుకే. 28వ పిక్ కంటే 33వ పిక్ మేలైన సందర్భాలు నిజంగానే ఉంటాయి.

బయౌట్ (ఒప్పందం మధ్యలో వదిలి వెళ్లడానికి క్లబ్‌కి కట్టే డబ్బు) సంగతి కూడా చూసుకోవాలి. క్లబ్‌కి కట్టాల్సిన డబ్బులో ఎన్‌బీఏ టీమ్ తన జేబులోంచి ఇవ్వగలిగింది 2024-25లో 8,50,000 డాలర్లు. అంతకు మించితే కుర్రాడి జీతంలోంచి పోతుంది. పద్దెనిమిదేళ్లకి తొలి పెద్ద ఒప్పందం రాసుకునేటప్పుడే ఏ జూన్‌లో ఎంత కట్టి వెళ్లవచ్చో ఏడాది వారీగా రాయించుకోవాలి. అక్కడ ఏమరుపాటుగా ఉంటే తర్వాత ఎంత బాగా ఆడినా కాళ్లకి తాడు కట్టినట్టే. రూబియో 2009లో 5వ పిక్‌గా ఎంపికై 2011లో గానీ మినెసోటా వెళ్లలేకపోవడం వెనక పెద్ద బయౌట్ ఉంది.

స్ట్రెంగ్త్_రూమ్:

ఇంతవరకూ కాగితాల మీది సంగతులు. నేను ఒంటి గురించి రాస్తాను. 2.05 మీటర్లు దాటిన 19 ఏళ్లవాడి విషయంలో మొదట చెడేది ఇక్కడే.

అందరూ అడిగేది "బరువు పెరగాలి కదా" అని. పెరగాలి, కానీ ఏడాదికి 3 నుంచి 4 కిలోలు, అంతకంటే తొందర వద్దు. రోజుకి 300 నుంచి 500 కేలరీలు అదనంగా తినాలి. ప్రోటీన్ ఒంటి బరువులో కిలోకి 1.6 నుంచి 2.2 గ్రాములు, దాన్ని నాలుగైదు పూటలకి పంచుకోవాలి. ఒకే వేసవిలో 8 కిలోలు ఎక్కించిన కుర్రాడు అక్టోబర్‌లో పక్కకి కదలలేడు, ప్రతి ల్యాండింగ్‌లో మోకాలి మీద భారం పెరుగుతుంది, షాట్ లయ కూడా చెడుతుంది.

సీజన్ నడుస్తుండగా వారానికి రెండు వెయిట్ సెషన్లు, ఒక్కోటి 40 నిమిషాలు చాలు. బరువైన సెట్లు రెండు మూడు, రెప్స్ మూడు నుంచి ఐదు. బరువైన సెషన్ అయ్యాక తర్వాతి మ్యాచ్‌కి 48 గంటలు ఉండాలి. ఏసీబీలో 18 టీమ్‌లు, 34 రౌండ్లు. దానికి తోడు వారం మధ్యలో యూరోపియన్ కప్ మ్యాచ్. ఈ షెడ్యూల్‌లో బరువైన సెషన్‌కి చోటు దొరికేది మ్యాచ్ అయిన మర్నాడో, బాగా కోలుకుంటే మ్యాచ్ అయిన గంటకో. అది వదిలేసిన టీమ్‌లలో కుర్రాళ్లు సీజన్ మొదట్లో ఉన్నంత బలంగా మార్చిలో ఉండరు.

తర్వాత మోకాలి చిప్ప కింద స్నాయువు నొప్పి. పొడుగువాళ్లలో, ఎక్కువగా ఎగిరేవాళ్లలో ఇది మామూలే. మొదట్లో వార్మప్ అయ్యాక తగ్గిపోతుంది, దాంతో కుర్రాడు ఎవరికీ చెప్పడు. అక్కడే పొరపాటు జరుగుతుంది. రోజూ పొద్దున ఏటవాలు బల్ల మీద ఒంటికాలి స్క్వాట్ చేయించి, నొప్పి 10కి ఎంతో రాసుకోవాలి. 3 లోపు ఉండి మర్నాటికి పెరగకపోతే ఆడచ్చు. మర్నాడు పెరిగిందంటే నిన్న ఎగిరిన ఎగుర్లు ఎక్కువైనట్టు. అప్పుడు పూర్తిగా విశ్రాంతి ఇవ్వడం కూడా తప్పే, ఎందుకంటే పని లేకపోతే స్నాయువు ఇంకా బలహీనపడుతుంది. లెగ్ ఎక్స్‌టెన్షన్ మీద కదలకుండా బిగబట్టి 45 సెకన్లు, ఐదుసార్లు, మధ్యలో రెండు నిమిషాలు ఆగాలి. ఆ తర్వాత నెలల తరబడి నెమ్మదిగా చేసే బరువైన స్క్వాట్లు. ఎగరడం తగ్గించాల్సింది ప్రాక్టీస్‌లో. ఊరికే డంక్‌లు వేసే అలవాటు ముందు మానిపించాలి.

పాదం బయటి అంచు, చిటికెన వేలి వైపు ఎముక నొప్పి అంటే వెంటనే స్కాన్ తీయించాలి. అది స్ట్రెస్ ఫ్రాక్చర్ అయితే రక్తప్రసరణ తక్కువ ఉండే చోటు కాబట్టి మానడం ఆలస్యం. స్క్రూ వేశాక తొందరపడి దింపితే మళ్లీ విరుగుతుంది.

పాతికేళ్లు దాటి బలంగా తయారైనవాడికి కూడా ఒళ్లు అడ్డం తిరగచ్చు. షారిచ్ 2021 ఎన్‌బీఏ ఫైనల్స్ మొదటి మ్యాచ్‌లో మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగి, తర్వాతి సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. అందుకే 19 ఏళ్లప్పుడు వేసే పునాది గురించి ఇంత పట్టుబడుతున్నాను.

బాస్కెట్_బంటి:

చాలా చాలా థ్యాంక్స్ అందరికీ. ఇంకో రెండు సందేహాలు. ఒక సీజన్‌లో త్రీ శాతం 38 ఉంటుంది, మరుసటి సీజన్‌లో 30కి పడిపోతుంది. ఏది నమ్మాలి? రెండోది, ఇప్పుడు అమెరికా కాలేజీలు డబ్బు ఇస్తున్నాయి కదా, స్పెయిన్‌లో ఉండడం కంటే అది మేలా?

ఆర్క్_లెక్కలు:

మొదటి ప్రశ్నకి నేను.

కుర్రాడు సీజన్‌లో 100 త్రీలు వేశాడనుకోండి. అతని అసలు సామర్థ్యం 35 శాతమే అయినా, కేవలం అదృష్టం మీద ఆ సీజన్ అంకె 25 నుంచి 45 మధ్య ఎక్కడైనా తేలచ్చు. 400 వేస్తే ఆ పరిధి 30 నుంచి 40కి తగ్గుతుంది. కాబట్టి మీరు చెప్పిన 38, 30 రెండూ ఒకే షూటర్‌వి కావచ్చు. 19 ఏళ్లవాడికి సీజన్‌లో 400 త్రీలు దొరకవు. అందుకని నేను మూడు విషయాలు చూస్తాను: ఫ్రీ త్రో శాతం, నిమిషాలతో పోల్చి ఎన్ని త్రీలు వేస్తున్నాడు, ఎలాంటి త్రీలు వేస్తున్నాడు. ఫ్రీ త్రో 80 దగ్గర ఉండి, ఖాళీ దొరికినప్పుడల్లా వెనకాడకుండా వేసేవాడి మీద నాకు నమ్మకం. 40 శాతం పెట్టి, మ్యాచ్‌కి ఒక్కటే వేసేవాడి మీద అంత నమ్మకం లేదు.

దూరం కూడా చూడండి. ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) త్రీ లైన్ 6.75 మీటర్లు, ఎన్‌బీఏది 7.24. తేడా 49 సెంటీమీటర్లు. కానీ మూలలో ఫీబా 6.60, ఎన్‌బీఏ 6.70, అంటే తేడా 10 సెంటీమీటర్లే. అందుకే యూరప్‌లో మూల నుంచి వేసేవాడి షాట్ అక్కడికీ వస్తుంది. ఎదురుగా, పైనుంచి వేసేవాడి షాట్ మొదటి ఏడాది పొట్టిగా పడుతుంది. దీనికి మందు తెలిసిందే: ప్రాక్టీస్ కోర్టులో 7.24 దగ్గర టేప్ అంటించి, ఐదు చోట్ల నుంచి పదేసి షాట్లు, ప్రతి షాట్‌కీ ముందు ఒక పరుగు, పాస్ అందుకుని వేయడం. పడినవి లెక్కపెట్టడంతో సరిపెట్టకూడదు, పడనివి ఎటు పోయాయో రాయాలి. చివరి సెట్లలో రింగ్ ముందు అంచుకి తగులుతుంటే కాళ్లు అలిసిపోయాయి. కుడికీ ఎడమకీ పోతుంటే మోచేయి, చేతివేళ్ల సమస్య. మొదటిది వెయిట్ రూమ్‌లో సరిచేయాలి, రెండోది షూటింగ్ కోచ్ దగ్గర. ఈ రెండూ కలిపేసి "షాట్ పాడైంది" అని చేతి విధానాన్నే మార్చబోయి బాగున్నదాన్ని పాడుచేస్తారు.

పొడుగు కుర్రాళ్లలో తరచూ కనిపించే ఇంకో లోపం: బంతి అందుకోగానే నడుము దాకా దించి మళ్లీ ఎత్తుతారు. జూనియర్ స్థాయిలో ఎవరూ అంత దూరం వచ్చి అడ్డుకోరు కాబట్టి చెల్లిపోతుంది. సీనియర్లలో ఆ అర సెకను చాలు డిఫెండర్‌కి. బంతి ఛాతీ దగ్గరే ఆగుతోందా అని వీడియో స్లో మోషన్‌లో చూడండి.

హెల్ప్_సైడ్:

కాలేజీ ప్రశ్నకి వస్తాను బంటి గారూ.

2025 జులై 1 నుంచి అమెరికా కాలేజీలు ఆటగాళ్లకి నేరుగా డబ్బు ఇవ్వచ్చు. మొదటి ఏడాదికి ఒక్కో కాలేజీ అన్ని ఆటలకీ కలిపి సుమారు 2.05 కోట్ల డాలర్ల వరకూ పంచచ్చు. షిబెనిక్ ప్రాంతం నుంచి వచ్చిన ఇవిషిచ్ కవలలు తొమిస్లావ్, జ్వొనిమిర్ ఇప్పటికే ఆ దారి పట్టారు. కానీ అడ్డంకులు ఉన్నాయి. యూరప్‌లో ప్రొఫెషనల్ క్లబ్‌కి ఆడివచ్చినవాడి అర్హతని ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ ఆటల సంస్థ) పరిశీలిస్తుంది. కెంటకీలో చేరిన జ్వొనిమిర్‌ని 2024 జనవరి దాకా ఆడనివ్వలేదు, సీజన్ సగం అప్పటికే అయిపోయింది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాడికి అమెరికాలో పనిచేసి సంపాదించడం మీద పరిమితులు కూడా ఉన్నాయి. ప్రకటనల ఒప్పందాల విషయంలో అది చిక్కు తెస్తుంది.

ఆట సంగతి చూస్తే కాలేజీలో షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) 30 సెకన్లు, మ్యాచ్‌లు తక్కువ, వెయిట్ రూమ్‌కి సమయం ఎక్కువ. ఒంట్లో బలం లేక, క్లబ్‌లో నిమిషాలు దొరకని వాడికి అది మంచి దారే. ఏసీబీలో 15 నిమిషాలు పైన ఆడుతున్నవాడు మాత్రం కదలకూడదని నా అభిప్రాయం. ముప్పై ఏళ్లు దాటిన గార్డులు పిక్ అండ్ రోల్‌లో రోజూ పెట్టే పరీక్ష కాలేజీలో దొరకదు.

స్పెయిన్‌లో ఇంకో లాభం ఉంది. 14 నుంచి 20 ఏళ్ల మధ్య మూడు సీజన్లు అక్కడి యూత్ పోటీల్లో పెరిగినవాడు, పాస్‌పోర్ట్ ఏదైనా, స్థానికంగా తయారైన ఆటగాడి కోటాలో లెక్కకొస్తాడు. ప్రతి క్లబ్‌కీ అలాంటివాళ్లు కావాలి కాబట్టి ఉద్యోగ భద్రత ఉంటుంది. తల్లిదండ్రులు ఈ లెక్క సరిగ్గా చూసుకోవాలి. రెండున్నర సీజన్లకి వదిలేసి వెళ్తే ఆ హక్కు చేతికి రానట్టే.

జాతీయ జట్టు గురించి ఎవరూ రాయలేదు, నాకు అదే ముఖ్యం. 1992 బార్సిలోనా ఒలింపిక్స్ రజతం, 1994 ప్రపంచ కాంస్యం గెలిచిన దేశం 2025 యూరోబాస్కెట్‌కి అర్హతే సాధించలేకపోయింది. నవంబర్, ఫిబ్రవరి నెలల్లో జరిగే అర్హత మ్యాచ్‌ల కోసం ఎన్‌బీఏ ఆగదు, యూరోలీగ్ కూడా చాలాసార్లు ఆగదు. ఏసీబీ ఆగుతుంది. అంటే జుబాట్స్, హెజోనియా రాలేని చోట యూరోలీగ్ ఆడని క్లబ్‌లోని కుర్రాడు రాగలడు. 19 ఏళ్లవాడికి సీనియర్ జట్టులో నిజమైన బాధ్యత దొరికేది ఈ మ్యాచ్‌ల్లోనే. ఫెడరేషన్ అతన్ని పిలిచి బెంచ్ మీద కూర్చోబెడితే మాత్రం ఆ అవకాశం వృథా. 2010లో 16 ఏళ్ల లోపు, 2012లో 18 ఏళ్ల లోపు యూరోపియన్ టైటిళ్లు, 2018లో మళ్లీ 16 ఏళ్ల లోపు టైటిల్ గెలిచిన దేశమిది. జూనియర్లలో కొరత లేదు. సీనియర్ జట్టులోకి దాటించడమే జరగట్లేదు, నిజంగా బాధేస్తుంది చూస్తుంటే.

అడ్రియాటిక్:

క్యాప్_షీట్ తమ్ముడూ, జుబాట్స్ గురించి నువ్వన్నది ఒప్పుకుంటున్నాను. ఒక్క సవరణ: అతను సెంటర్, చేయాల్సిన పని మొదటి రోజు నుంచీ స్పష్టం. స్క్రీన్ పెట్టు, రింగ్ కాపాడు, రీబౌండ్ తెచ్చుకో. 2.08 మీటర్ల ఫార్వర్డ్‌కి ఆ స్పష్టత ఉండదు. ఒకరు మూడో స్థానం (స్మాల్ ఫార్వర్డ్) అంటారు, ఒకరు నాలుగు (పవర్ ఫార్వర్డ్) అంటారు, ఇంకొకరు చిన్న లైనప్‌లో ఐదు (సెంటర్) అంటారు. బెండర్‌కి జరిగింది సరిగ్గా ఇదే.

అందుకే బంటి గారి "ఏం గమనించాలి"కి నా జవాబు డిఫెన్స్. ఫీబా ఆటలో డిఫెన్స్ చేసే పొడుగువాడు పెయింట్‌లో (రింగ్ కింది గీతల మధ్య చోటులో) ఎంతసేపైనా నిలబడచ్చు. ఎన్‌బీఏలో ఎవరినీ గార్డ్ చేయకుండా మూడు సెకన్లు దాటితే విజిల్. రింగ్‌కి తగిలిన బంతిని ఫీబాలో వెంటనే కొట్టేయచ్చు, అక్కడ అది ఇంకా రింగ్ పైన ఉంటే తప్పు. ఈ రెండు అలవాట్ల మీద ఆధారపడ్డ కుర్రాడు ఇక్కడ మంచి డిఫెండర్‌లా కనిపించి అక్కడ దొరికిపోతాడు. కాబట్టి అతను మూలలోని షూటర్ మీదకి పరిగెత్తే క్షణం (క్లోజౌట్ అంటారు) చూడండి. చివరి రెండడుగులు చిన్నవిగా వేసి, తుంటి దించి, ఒక చేయి ఎత్తి ఆగుతున్నాడా? లేక నిటారుగా ఎగిరిపోయి డ్రైవ్‌కి దారి వదిలేస్తున్నాడా? అలాగే ఫౌల్స్. ఐదుకే బయటికి పంపే ఆటలో మొదటి క్వార్టర్‌లో రెండు పడితే కోచ్ కూర్చోబెడతాడు, పాతిక నిమిషాలు కాస్తా పన్నెండవుతాయి. సీజన్ మొదట్లోనూ చివర్లోనూ ఐదేసి మ్యాచ్‌లు తీసుకుని, ఈ క్లోజౌట్‌లూ తొలి క్వార్టర్ ఫౌల్స్ రాసుకోండి. పాయింట్ల పట్టిక చూపించని మార్పు అక్కడ తెలుస్తుంది.